నీలం కాళ్ళున్న సన్యాసి పీతలన్నీ ఒకే జాతివా? గుల్ల చూసి గుర్తుపట్టొచ్చా?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్తాను. హిందూ మహాసముద్రపు పగడపు దిబ్బల దగ్గర నాలుగు సన్యాసి పీతలకు, అంటే హెర్మిట్ క్రాబ్‌లకు, ఫోటోలు తీశారు. మొదటిదాని కాళ్ళు నీలం. రెండోది బాగా పెద్దది, ఎర్రగా, వెంట్రుకలతో, ఒళ్ళంతా తెల్ల చుక్కలతో ఉంది. మూడోది ఆకుపచ్చ కలిసిన మట్టి రంగు. నాలుగోది ఇసుకలో కూరుకుపోయి ఉంది, కళ్ళూ మీసాలూ తప్ప ఏమీ కనబడట్లేదు. మొదటిదీ మూడోదీ ఒకే రకం నత్తగుల్లలో ఉన్నాయి కాబట్టి ఒకే జాతి అనుకోవచ్చా, నీలం కాళ్ళది అక్వేరియం వాళ్ళు 'బ్లూ లెగ్' అని అమ్మేదేనా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, గుల్లను బట్టి జాతి చెప్పలేం. మీ మొదటి పీత, మూడో పీత ఒకే జాతి కాదు సరికదా, ఒకే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) కూడా కాదు. నీలం కాళ్ళది కాల్సినస్ ఎలిగాన్స్. అక్వేరియం 'బ్లూ లెగ్' వేరే సముద్రానిది. ఎర్రది డార్డానస్ మెగిస్టోస్, అందులో సందేహం లేదు. మట్టి రంగుది క్లిబనేరియస్ ప్రజాతి, చాలావరకు క్లిబనేరియస్ విరెసెన్స్. నాలుగోది డయోజెనెస్ ప్రజాతి అని చెప్పి ఆపేస్తాను. ఆ ఒక్క ఫోటోతో అంతకంటే ముందుకెళితే అది గుర్తింపు కాదు, ఊహ అవుతుంది.

ఇక ఇవి ఎలా చెప్పానో చూద్దాం.

ముందు గుల్ల సంగతి తేల్చేద్దాం. సన్యాసి పీత గుల్లను తయారుచేసుకోదు. చచ్చిపోయిన నత్తలు వదిలేసిన గుల్లల్లో తన సైజుకు సరిపోయేది వెతుక్కుని దూరుతుంది, పెరిగే కొద్దీ మారుస్తుంది, అవసరమైతే పక్కదాన్ని తరిమేసి లాక్కుంటుంది. ఒక తీరంలో ఏ నత్తలు ఎక్కువో ఆ గుల్లలే అక్కడి పీతలన్నిటికీ దొరుకుతాయి. ఇంటి నంబరు చూసి అద్దెకున్నవాళ్ళ ఇంటిపేరు చెప్పలేం కదా, ఇదీ అంతే. ఒక మినహాయింపు మాత్రం ఉంది. సిలియోపగురస్ స్ట్రిగేటస్ అనే పీత ఒళ్ళు పైనుంచి కిందికి నొక్కినట్టు బల్లపరుపుగా ఉంటుంది. అందుకే కోన్ నత్తల గుల్లలకుండే సన్నని చీలికలాంటి నోట్లో అది హాయిగా ఇమిడిపోతుంది. కోన్ గుల్లలోంచి ఎరుపు, పసుపు-నారింజ అడ్డపట్టీల కాళ్ళు బయటికొస్తే నేను ముందు ఈ పేరే తలుచుకుంటాను. అక్కడ కూడా గుల్ల ఒక సూచన మాత్రమే, పేరు చెప్పేది పట్టీలు.

కోన్ గుల్లల మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. లోపల పీత ఉందో బతికున్న నత్త ఉందో తెలియకుండా కోన్ గుల్లను చేత్తో తీయకండి. కోన్ నత్తలకు విషపు ముల్లు ఉంటుంది. కోనస్ జియోగ్రఫస్ కుట్టి మనుషులు చనిపోయిన సందర్భాలున్నాయి. కాళ్ళు బయటికొచ్చి నడిచే దాకా ఆగండి.

మొదట చూడాల్సింది డెక్కలు. ఎడమ డెక్క పెద్దదా, కుడిదా, రెండూ సమానమా? ఈ ఒక్క ప్రశ్నతో సగం పని అయిపోతుంది. ఉష్ణమండల తీరాల్లో లోతులేని నీళ్ళలో కనబడే సన్యాసి పీతల్లో ఎక్కువ భాగం డయోజెనిడే కుటుంబానివి. వీటిలో ఎడమ డెక్క పెద్దదిగా ఉంటుంది, లేదా రెండూ దాదాపు సమానంగా ఉంటాయి. కుడి డెక్క స్పష్టంగా పెద్దదైతే పగురిడే కుటుంబం వైపు వెళ్ళాలి. చల్లని సముద్రాల్లో ఈ రెండో కుటుంబానిదే రాజ్యం. పగడపు దిబ్బల్లోనూ ఉన్నాయి కానీ చాలావరకు చిన్నవి, సందుల్లో దాక్కునేవి కాబట్టి ఫోటోల్లోకి తక్కువగా వస్తాయి.

ఈ సూత్రాన్ని గుడ్డిగా నమ్మొద్దు. కరీబియన్‌లో దొరికే పెట్రోకైరస్ డయోజెనెస్ అనే భారీ పీతది డయోజెనిడే కుటుంబమే అయినా కుడి డెక్క కాస్త పెద్దది. ఇంకో చిక్కు, పీత ప్రమాదంలో డెక్కను వదిలేసుకోగలదు. తర్వాత కుబుసం విడిచినప్పుడు కొత్తది మొలుస్తుంది కానీ మొదట్లో చిన్నగా ఉంటుంది. పెద్ద డెక్క పోయి తిరిగి మొలుస్తున్న పీతను చూస్తే కుడి ఎడమలు తారుమారైనట్టు కనిపిస్తుంది. అందుకే వీలైతే అదే చోట అదే రకానివి రెండు మూడు చూడమంటాను. అనుమానం తీరకపోతే, చేతిలో నమూనా ఉంటే, నోటి దగ్గరి బయటి జత నోటికాళ్ళు చూడాలి. డయోజెనిడేలో వాటి మొదళ్ళు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, పగురిడేలో మధ్యలో ఎడం ఉంటుంది. డెక్క పోయినా కొత్తది మొలిచినా ఈ లక్షణం మారదు. ఫోటోలో మాత్రం ఇది కనబడటం కష్టం.

రెండోది డెక్క వేళ్ళ కొసలు. చాలామంది వదిలేసేది ఇదే. మీ మొదటి ఫోటోను పెద్దది చేసి చూడండి. డెక్క రెండు వేళ్ళ చివర్లు తెల్లగా, సున్నపు ముక్కలా ఉన్నాయి. మూడో ఫోటోలో అవే కొసలు నల్లగా, గోరు అంటించినట్టు నిగనిగలాడుతున్నాయి. కాల్సినస్‌లో కొస డెక్కతో పాటు సున్నంతో గట్టిపడినదే. క్లిబనేరియస్‌లో కొసకు కొమ్ములాంటి నల్ల పదార్థపు తొడుగు ఉంటుంది. దానికి తోడు కాల్సినస్‌లో ఎడమ డెక్క బాగా పెద్దది, క్లిబనేరియస్‌లో రెండూ సమానం. క్లిబనేరియస్ డెక్క వేళ్ళు తెరుచుకునే తీరు కూడా వేరు, అవి పక్కలకు, అడ్డంగా కదులుతాయి. పీత పాచి గీక్కుని తింటున్నప్పుడు కాసేపు చూస్తే ఇది తెలిసిపోతుంది. ఒకే రకం గుల్లల్లో ఉన్న మీ రెండు పీతలు వేరని నేను ఒప్పుకోవడానికి ఈ కొసలే చాలు, కాళ్ళ రంగు దాకా వెళ్ళక్కర్లేదు.

ఇప్పుడు నీలం కాళ్ళ దగ్గరికి వద్దాం. ఇక్కడే ఎక్కువ గందరగోళం జరుగుతుంది. 'నీలం కాళ్ళు' అన్న మాటకు సరిపోయే పీతలు నాకు వెంటనే నాలుగు గుర్తొస్తాయి, నాలుగూ వేర్వేరు.

కాల్సినస్ ఎలిగాన్స్ కాళ్ళ మీద మెరిసే నీలం, నలుపు పట్టీలు కాలి చుట్టూ అడ్డంగా ఉంటాయి. కంటి కాడలు నీలం, మీసాలు నారింజ. మీ ఫోటోలో ఈ మూడూ కనబడుతున్నాయి, అందుకే అంత ధీమాగా చెప్పాను. క్లిబనేరియస్ ట్రైకలర్ కాళ్ళు కూడా గాఢమైన నీలమే, కానీ కీళ్ళ దగ్గర పసుపు, నారింజ రంగులుంటాయి, డెక్కలు సమానం. అక్వేరియం 'బ్లూ లెగ్' సాధారణంగా ఇదే. దీని ఊరు కరీబియన్, ఆ చుట్టుపక్కల అట్లాంటిక్ తీరాలు. హిందూ మహాసముద్రంలో సహజంగా ఉండదు. ఈ నీలం కాళ్ళవాటిలో మూడోది క్లిబనేరియస్ లాంగిటార్సస్. దీని నీలం పట్టీల్లా కాక కాలి పొడవునా సాగే చారల్లా ఉంటుంది. మడ అడవులు, బురద తీరాల్లో ఎక్కువ. వాటిలో నాలుగోది డార్డానస్ గటేటస్. ఒళ్ళంతా వెంట్రుకలున్న పెద్ద పీత, నీలం మాత్రం కాళ్ళ 'మోకాళ్ళ' దగ్గర మచ్చలుగా ఉంటుంది.

చూశారా, రంగు పేరు ఒకటే. చూడాల్సింది రంగు పేరు కాదు, అది ఎక్కడ, ఏ దిశలో ఉందన్నది. అడ్డపట్టీనా, నిలువు చారా, మచ్చా, చుక్కా? ఫోటో పంపకుండా మాటల్లో వర్ణించేవాళ్ళు "నీలంగా ఉంది" అని ఆపేస్తారు. "కాలి చుట్టూ పట్టీ" అని ఇంకో రెండు మాటలు కలిపితే చాలావరకు తేలిపోయేది.

పైగా రంగు అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ఇదే కాల్సినస్ ఎలిగాన్స్ హవాయి దీవుల్లో నీలం బదులు నారింజ పట్టీలతో ఉంటుంది. నీలాన్ని మాత్రమే నమ్ముకున్నవాళ్ళు అక్కడ దాని పక్కనుంచే వెళ్ళిపోతారు. ఇందుకు వ్యతిరేకమైన సందర్భాలూ ఉన్నాయి. ఆకారంలో తేడా పట్టుకోవడం కష్టమైన రెండు జాతులను బతికున్నప్పటి రంగు విడదీస్తుంది. కాల్సినస్ గైమార్డీ అని అందరూ అనుకుంటున్నవాటిలోంచి 1999లో రహయు, ఫారెస్ట్ అనే శాస్త్రవేత్తలు కాల్సినస్ మోర్గానీని వేరుచేశారు. వాటిని విడదీయడానికి పనికొచ్చే గుర్తుల్లో కంటి కాడల రంగుల అమరిక ఒకటి. 2010లో మలాయ్, పౌలే కాల్సినస్ ప్రజాతి మొత్తాన్ని డీఎన్ఏతో పరిశీలించారు. దగ్గరి చుట్టాలైన జాతులు కూడా రంగులో బాగా వేరుపడి ఉంటాయన్నది ఆ పని చూస్తే అర్థమవుతుంది. అందుకే కాల్సినస్ విషయంలో నేను రంగుకు మిగతా ప్రజాతులకంటే ఎక్కువ మార్కులు వేస్తాను.

రంగు గురించి ఇంకొక్క మాట. ఆల్కహాల్‌లో పెట్టిన పీతలో ఈ అందమంతా పోతుంది. పీతల నీలి రంగుకు సాధారణంగా కారణం ప్రొటీన్‌తో ముడిపడిన కెరొటినాయిడ్ అనే రంగు పదార్థం. ప్రొటీన్ చెడితే నీలం పోతుంది, మిగిలిన ఎరుపు, నారింజ కూడా మెల్లగా ఆల్కహాల్‌లోకి దిగిపోతాయి. పాత సీసాల్లోని నమూనాలు ముందేసుకుని కూర్చుంటే అన్నీ ఒకే రకం పాలిపోయిన గోధుమ రంగులో ఉంటాయి. అప్పుడు ముళ్ళు, బుడిపెలు, వెంట్రుకల కుచ్చులు, ముక్కల పొడవుల నిష్పత్తులే దిక్కు. పాత వర్ణనల్లో రంగు ఊసే లేకపోవడం చూసి కొత్తవాళ్ళు విసుక్కుంటారు. చాలాసార్లు రాసినవాళ్ళు చూసింది అప్పటికే రంగు పోయిన పీతను. మీ దగ్గర బతికున్న పీత ఫోటో ఉంది, దాని విలువ తక్కువేం కాదు.

కంటి కాడలను మాత్రం మరిచిపోకండి. ఒక్క ఫోటోకే అవకాశం ఉంటే నేను కళ్ళకే ఫోకస్ పెడతాను. కాల్సినస్ లేవిమానస్ అనే, తీరపు రాళ్ళ మీద చాలా మామూలుగా కనబడే పీతకు కంటి కాడ కొంత నీలం, కొంత నారింజ. దానికి తోడు నున్నగా ఉబ్బిన, ముదురు గోధుమ మీద తెలుపు వేసిన ఎడమ డెక్క. ఈ రెండూ కనబడితే ఇక వెతకక్కర్లేదు. ఎనిమోన్‌లను, అంటే పువ్వుల్లా కనబడే మెత్తని సముద్ర జీవులను, గుల్ల మీద మోసుకు తిరిగే డార్డానస్ పెడంక్యులేటస్‌కు ఎరుపు, తెలుపు పట్టీల కాడలు, ఆకుపచ్చ కళ్ళు. అయితే డార్డానస్ జెమ్మేటస్ కూడా ఎనిమోన్‌లను మోస్తుంది, దాని కాడలకూ పట్టీలుంటాయి. అక్కడ మళ్ళీ డెక్క దగ్గరికే రావాలి. జెమ్మేటస్ ఎడమ డెక్క బయటి వైపు పూసలు పొదిగినట్టు బుడిపెలుంటాయి. కాబట్టి "ఎనిమోన్ ఉంది, కాడలకు పట్టీలున్నాయి, ఇది పెడంక్యులేటస్" అని రాసేసిన ఫోటోల్లో డెక్క కనబడకపోతే నేను ఒప్పుకోను.

మీ రెండో పీత సులువు. డార్డానస్ మెగిస్టోస్‌లో ఎర్రని ఒంటి మీద తెల్ల చుక్కలు, ప్రతి చుక్క చుట్టూ ముదురు అంచు. మీ ఫోటోలో ఎడమ కాలి మీద ఆ అంచు స్పష్టంగా ఉంది. దట్టమైన వెంట్రుకలు, పెద్ద ఎడమ డెక్క, భారీ ఒళ్ళు కలిపితే ఇంకొకటి కాదు. కరీబియన్ వైపు పగురిస్టెస్ పంక్టిసెప్స్ అనే ఇంకో తెల్లచుక్కల ఎర్ర పీత ఉంది. పేరు తెలియకుండా ఇంటర్నెట్‌లో వెతికితే ఈ రెండిటి ఫోటోలూ కలిసే వస్తాయి. దానివి దాదాపు సమానమైన డెక్కలు. డార్డానస్‌లో చాలా జాతులకు ఇంకో మంచి గుర్తుంది. ఎడమ వైపు రెండో నడక కాలి చివరి రెండు ముక్కలు కుడి కాలివాటికంటే వెడల్పుగా, చెక్కినట్టుగా ఉంటాయి. పీత లోపలికి ముడుచుకున్నప్పుడు ఆ కాలు, పెద్ద డెక్క కలిసి గుల్ల నోటికి తలుపుగా పనిచేస్తాయి. పై నుంచి తీసిన ఫోటోలో ఇది కనబడదు. గుల్ల నోటి వైపు నుంచి తీస్తే తెలుస్తుంది.

మూడోదానికి "చాలావరకు" అని ఎందుకన్నానంటే, క్లిబనేరియస్‌లో మట్టి రంగు జాతులు చాలా ఉన్నాయి. విరెసెన్స్‌కు ఆకుపచ్చ కలిసిన ముదురు ఒళ్ళు, నడక కాళ్ళ చివరి ముక్కల మీద పసుపు. మీ ఫోటోలో ఆ పసుపు ఉంది. కానీ వెలుతురు చాలని చోట తీశారు, కాలి చివరి రెండు ముక్కల పొడవు పోల్చడానికి కాలు చాపి లేదు. విరెసెన్స్‌లో చివరి ముక్క దాని ముందు ముక్క కంటే పొట్టి. లాంగిటార్సస్‌లో పొడవు, పేరే అది చెబుతోంది ('లాంగి' అంటే పొడవైన). ఈ ప్రజాతిలో నేను చారలు, ఈ నిష్పత్తి రెండూ చూశాకే పేరు రాస్తాను. ఒకటే కనబడితే ప్రజాతి దగ్గరే ఆపేస్తాను.

నాలుగోది. కంటి కాడల మధ్య ఒక చిన్న ముల్లు కనబడుతోంది కదా? అది వీపు డిప్ప అంచు నుంచి వచ్చిన ముక్కు కాదు. కళ్ళ మొదళ్ళ మధ్య విడిగా, కదిలేలా అమరిన ముల్లు. డయోజెనెస్ ప్రజాతికి అది పెద్ద గుర్తు. ఇసుకలో పూడుకుని ఉండటం, ఈకల్లా నూగున్న మీసాలతో నీళ్ళను జల్లిస్తూ తినడం కూడా ఈ ప్రజాతి అలవాటే. కానీ లోపల జాతులు చాలా ఉన్నాయి, చిన్నవి, ఇసుక రంగువి. వాటిని విడదీసేది ఆ ముల్లు నున్నగా ఉందా, పక్కల్లో చిన్న ముళ్ళున్నాయా, కాడల కంటే ఎంత పొడవు, ఎడమ డెక్క మీద ముళ్ళ వరసలు ఎలా ఉన్నాయి అన్నవి. లెన్స్ కింద తప్ప తేలవు. ఫోటో చూసి డయోజెనెస్‌లో జాతి పేరు ధైర్యంగా చెప్పేవాళ్ళని చూస్తే నాకు టెన్షన్ వస్తుంది.

తీరం మీద, నీళ్ళకు దూరంగా తిరిగేది దొరికితే ఇదంతా పక్కన పెట్టండి. అది నేల మీద బతికే సీనోబైటా కావచ్చు. కంటి కాడలు పక్కల నుంచి నొక్కినట్టు బల్లపరుపుగా, లోపలి చిన్న మీసాలు పొడవుగా, కొస మొద్దుగా ఉంటాయి. ఆ లెక్కలు వేరు.

ఫోటో ఎలా తీయాలి అని మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. వెడల్పాటి తెల్ల పళ్ళెంలో అదే సముద్రపు నీళ్ళు రెండు వేళ్ళ లోతు పోసి, నీడలో పీతను ఉంచి, కదలకుండా ఆగండి. నీడ కదిలితే లోపలికి పోతుంది, కాసేపటికి మీసాలు, తర్వాత కళ్ళు, ఆఖరికి కాళ్ళు బయటపెడుతుంది. అప్పుడు ఎదురుగా రెండు డెక్కలు కలిపి ఒకటి, పైనుంచి కంటి కాడలకు ఒకటి, పక్క నుంచి చాపిన ఎడమ కాలికి ఒకటి, గుల్ల నోటి వైపు ఒకటి తీయండి. పక్కన స్కేలు పెట్టండి. ఎక్కడ, ఎంత లోతులో, రాయా ఇసుకా బురదా అన్నది రాసుకోండి. సముద్రం పేరు ఒక్కటే సగం జాతులను కొట్టేస్తుంది. అక్వేరియం నుంచి వచ్చిన పీతలకు ఆ ఆధారం ఉండదు కాబట్టి అవి ఎప్పుడూ కష్టమే.

ఎట్టి పరిస్థితుల్లోనూ లాగి బయటికి తీయకండి. పీత మెత్తని పొట్ట చివర ఉండే కొక్కేల్లాంటి భాగాలతో గుల్ల నడి స్తంభాన్ని పట్టుకుని ఉంటుంది. లాగితే వదలదు, తెగిపోతుంది. గుల్ల వేడి చేయడం, పగలగొట్టడం లాంటి సలహాలు కనబడినా పట్టించుకోకండి. పని అయ్యాక దొరికిన చోటే వదిలేయండి.

ప్రపంచంలో సన్యాసి పీతల జాతులు 1,100కు పైనే ఉన్నాయి, ఒక్క కాల్సినస్‌లోనే నలభైకి పైగా. ప్రతి ఫోటోకీ జాతి పేరు రావాలని పట్టుబట్టకండి. "క్లిబనేరియస్, జాతి తెలియదు" అన్నది సరైన గుర్తింపే. తప్పు పేరు ఒకసారి ఎక్కడైనా ఎక్కితే దాన్ని చూసి ఇంకో పది ఫోటోలకు అదే పేరు తగిలిస్తారు.

మూడోదానికి మంచి వెలుతురులో, కాలు చాపి ఉన్న ఫోటో దొరికితే ఇక్కడే పెట్టండి, విరెసెన్స్ అవునో కాదో తేల్చేద్దాం. నాలుగోదాన్ని మళ్ళీ చూస్తే కళ్ళ మధ్య ముల్లుకు మ్యాక్రో లెన్స్‌తో పైనుంచి ఒకటి, ఎడమ డెక్క బయటి వైపుకు ఒకటి తీయండి.